జవాబు వచ్చేలోపు ఆ ఐదారు సెకన్లు

ట్రివియా వీడియోలు, అంటే చిన్న చిన్న జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు అడిగే వీడియోలు చూస్తానంటే చాలామంది అదో టైమ్‌పాస్ అని తేల్చేస్తారు. కాస్త మర్యాదస్తులైతే "పోన్లే, పనికిరానివి చూడటం కంటే నయం" అంటారు. నేను వాటిని ఇష్టంగా చూస్తాను, హాయిగా చూస్తాను. వాటి వల్ల నాకు నిజంగా నాలుగు విషయాలు తెలిశాయి. హాయిగా ఉంటే అది చదువు కాదని, చదువన్నాక కాస్త కష్టపెట్టాలని మనలో చాలామందికి చిన్నప్పుడే నాటుకుపోయింది. ఈ వీడియోల విషయంలో మాత్రం ఆ హాయి వల్లే చదువు ఒంటబడుతోందని నా నమ్మకం. అది ఎందుకో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఏ రకం వీడియోల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. ఆ పేరుతో రకరకాలు చలామణీ అవుతున్నాయి మరి. నేను చూసేవాటిలో తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. నెమ్మదైన గొంతు దాన్ని చదువుతుంది. వెనక సన్నగా సంగీతం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఒక్కోసారి నాలుగు ఆప్షన్లు ఇస్తారు. ఐదారు సెకన్లు, మంచి వీడియో అయితే పది సెకన్లు, అలా వదిలేస్తారు. తర్వాత జవాబు, దాని వెనకే ఒకటి రెండు వాక్యాల వివరణ. ఆ తర్వాత ఇంకో ప్రశ్న. ఒకటి సముద్రాల గురించి అయితే మరొకటి రక్తనాళాల గురించి, ఇంకొకటి ఏదో పాత సామ్రాజ్యం గురించి. ఎవరూ అరవరు. ప్రైజ్ మనీ లేదు, ఓడిపోయేవాళ్లు లేరు, మార్కులు లేవు. రోజంతా పనిచేసి వచ్చిన బుర్ర అలాంటి గొంతు ముందు కాస్త కాళ్లు చాపుకుంటుంది.

ఇందులో నేర్చుకునేది ఏముంది అని అడిగితే నేను చూపించేది ఆ ఖాళీ సెకన్లనే. ప్రశ్నకీ జవాబుకీ మధ్య మనం ఊరికే ఉండం. "ప్రపంచంలో అతి లోతైన సరస్సు ఏది?" అని అడగ్గానే తల లోపల వెతుకులాట మొదలవుతుంది. ఏదో ఒక పేరు పైకి వస్తుంది, దాన్ని కొట్టేస్తాం, ఇంకోటి వస్తుంది. జవాబు తెలియకపోయినా సరే, ఆ వెతుకులాటకి ఫలితం ఉంటుంది. దీని మీద 2009లో కార్నెల్, హేస్, బ్యోర్క్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు నాకు భలే నచ్చాయి. ఎవరికీ తెలిసే అవకాశమే లేని ప్రశ్నలు కావాలని వాళ్లు కల్పిత ప్రశ్నలు తయారుచేశారు. జరగని యుద్ధాన్ని ఏ ఒప్పందం ముగించింది, ఇలాంటివి. కొన్ని ప్రశ్నలకు ముందు జవాబు ఊహించమని చెప్పి, తర్వాత అసలు జవాబు చూపించారు. మరికొన్నింటికి ప్రశ్న, జవాబు కలిపి ఒకేసారి చూపించారు. ఊహించినవాళ్లు ఎలాగూ తప్పే చెప్తారు కదా. అయినా ముందు ఊహించిన ప్రశ్నల జవాబులే తర్వాత బాగా గుర్తున్నాయి.

తెలియదని తెలిసీ ఊహించడం వృథా కాదన్నమాట. ప్రశ్న అడగకుండా విషయాలు గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయే వీడియోలకీ, అడిగి ఆగే వీడియోలకీ ఉన్న తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. అవే విషయాలు రెండిట్లోనూ ఉండొచ్చు. ఆగడం ఒక్కటే తేడా.

తెలిసిన ప్రశ్న వచ్చినా లాభమే. 2006లో రోడిగర్, కార్పికే విద్యార్థులతో ఒక పరీక్ష చేశారు. చిన్న పాఠాలు చదివించి, కొందరితో మళ్లీ అదే చదివించారు. కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే లెక్క తారుమారైంది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంటే, రెండోసారి చదివినవాళ్లకి 42 శాతమే గుర్తుంది. అంటే బుర్రలోంచి ఒక విషయాన్ని బయటికి లాగిన ప్రతిసారీ అది ఇంకొంచెం గట్టిపడుతుంది. "బైకాల్" అని మనం ముందే అనేసి, తర్వాత వీడియోలో అదే మాట విని చిన్నగా నవ్వుకున్నప్పుడు జరిగేది అదే. ఆ సరస్సు లోతు 1,642 మీటర్లు. భూమి పైన ఉన్న, గడ్డకట్టని మంచినీటిలో దాదాపు ఐదో వంతు అందులోనే ఉంది. ఈ రెండో సంగతి నాకు ఒక వీడియో వివరణలోనే మొదటిసారి తెలిసింది.

ఇక కుతూహలం. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో గ్రూబర్, గెల్మన్, రంగనాథ్ అచ్చంగా ట్రివియా ప్రశ్నలతోనే ప్రయోగం చేశారు. ప్రశ్న వేశాక జవాబు చూపించడానికి 14 సెకన్లు ఆగేవారు. ఆ మధ్యలో ప్రశ్నకి సంబంధమే లేని ఒక మనిషి ముఖం తెర మీద చూపించేవారు. ఏ జవాబు కోసం బాగా కుతూహలపడ్డారో ఆ జవాబు బాగా గుర్తుండటంలో వింతేమీ లేదు. కానీ ఆ ఎదురుచూపులో కనిపించిన ముఖాలు కూడా మిగతావాటి కంటే బాగా గుర్తున్నాయి. కుతూహలం రేగినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం నడిచే దారులూ, జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్ అనే భాగమూ కలిసి చురుగ్గా పనిచేస్తాయట. ఆ కాసేపు పక్కనుంచి వెళ్లే విషయాలు కూడా లోపలికి వచ్చేస్తాయి. ఇది తెలిశాక, ఒక ప్రశ్న గాలికి పోయినా ఆ తర్వాతి వివరణలో ఏదో ఒక ముక్క నాకు ఎందుకు మిగిలిపోతుందో అర్థమైంది.

హాయికీ దీనికీ సంబంధం ఏమిటంటే, భయం ఉన్న చోట ఊహించడానికి మనిషి వెనకాడతాడు. క్లాసులో చెయ్యి ఎత్తాలంటే పది మంది ముందు తప్పు చెప్తానేమోనని టెన్షన్. పరీక్ష హాల్లో అయితే నెగటివ్ మార్కులు. ఒత్తిడిలో పుట్టే కార్టిసాల్ అనే హార్మోను తెలిసిన విషయాన్ని కూడా గుర్తుకు రానివ్వదని 2000 ప్రాంతంలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. బయటికి రాగానే జవాబు గుర్తొచ్చి తల పట్టుకున్న అనుభవం పరీక్ష రాసిన ప్రతివాళ్లకీ ఉండే ఉంటుంది. రాత్రిపూట మంచం మీద ఒరిగి క్విజ్ చూస్తున్నప్పుడు తప్పు చెప్తే పోయేదేమీ లేదు. అందుకే ధైర్యంగా, గట్టిగా, పూర్తి నమ్మకంతో తప్పు చెప్తాం. అలా నమ్మకంతో చెప్పిన తప్పే మనకి అన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఆస్ట్రేలియా రాజధాని ఏది అంటే ఎంతమంది "సిడ్నీ" అంటారో లెక్కలేదు. అదీ అనుమానంగా కాదు, ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు అంటారు. జవాబు కాన్‌బెర్రా అని రాగానే ఉలిక్కిపడతారు. బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ 2001లో గమనించింది ఇదే. జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలకు ఎంత గట్టి నమ్మకంతో తప్పు చెప్తే, అసలు జవాబు చూశాక అది అంత బాగా దిద్దుకుంటుంది. ఏదో నోటికొచ్చింది చెప్పినవాడి కంటే పందెం కాసేంత నమ్మకంగా చెప్పినవాడు రెండోసారి సరిగ్గా చెప్తాడు. ఆ ఉలికిపాటుకు అంత బలం ఉంది.

ఆ ప్రశ్నకి వివరణ కూడా ఇస్తే ఇంక మర్చిపోవడం కష్టం. రాజధాని మాకు కావాలంటే మాకు కావాలని సిడ్నీ, మెల్‌బోర్న్ పట్టుబట్టాయి. చివరికి రాజ్యాంగంలోనే ఒక రాజీ రాసుకున్నారు. రాజధాని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే ఉండాలి, కానీ సిడ్నీకి కనీసం వంద మైళ్ల దూరంలో ఉండాలి, అది సిద్ధమయ్యేదాకా పార్లమెంటు మెల్‌బోర్న్‌లో కూర్చోవాలి. 1908లో చోటు ఖాయమైంది, 1913లో పేరు పెట్టారు, 1927లో పార్లమెంటు అక్కడికి మారింది. రెండు నగరాల పంతం మధ్య పుట్టిన మూడో నగరం అని తెలిశాక ఆ పేరు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఈ వీడియోల్లో నాకు ఇంకో పెద్ద సంతోషం ఉంది. జవాబు నాలుక చివర ఆడుతూ ఉంటుంది, బయటికి రాదు. మొదటి అక్షరం తెలుసు, పొడుగాటి పేరా పొట్టి పేరా అన్నదీ తెలుసు, పేరు మాత్రం దొరకదు. బ్రౌన్, మెక్‌నీల్ అనే ఇద్దరు 1966లోనే దీన్ని పట్టుకుని అధ్యయనం చేశారు. అరుదైన పదాల అర్థాలు చదివి వినిపించి, పదం చెప్పమన్నారు. నాలుక చివర ఆగిపోయినవాళ్లు పదం చెప్పలేకపోయినా దాని మొదటి అక్షరమూ, పలికేటప్పుడు అది ఎన్ని ముక్కలుగా విడిపోతుందన్నదీ ఊహకందనంత సరిగ్గా చెప్పగలిగారు. మనకి తెలుసనుకున్నది నిజంగా లోపల ఉంది, దారి మాత్రమే మూసుకుపోయింది. టైమర్ అయిపోయేలోపు ఆ దారి ఠక్కున తెరుచుకుంటే కలిగే ఆనందం కోసం నేను వీడియోని పాజ్ చేసి మరీ వెతుక్కుంటాను.

మా అన్నయ్యకి ఇదంతా నచ్చదు. "అవన్నీ తెగిపోయిన ముక్కలే. ఒకదానికొకటి అతుకుండదు. ఒక మంచి పుస్తకం పట్టుకుని మొదలు నుంచి చివరిదాకా చదివితే నీకు వచ్చేది వేరు" అంటాడు. ఇది తీసిపారేసే మాట కాదు. పనామా కాలువ గురించి పుస్తకం చదివినవాడికి తెలిసేది నాకు ఒక క్విజ్ వీడియోతో తెలియదు. కానీ ముక్కలు ముక్కలుగానే ఉండిపోతాయన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఆ పనామా కాలువనే తీసుకుంటాను. అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు వెళ్లే ఓడ పడమటికి వెళ్తుందనుకుంటాం. నిజానికి అక్కడ భూమి మెలిక తిరిగి ఉండటం వల్ల ఓడ ఆగ్నేయంగా వెళ్తుంది. పసిఫిక్ వైపు ద్వారమే ఇంకా తూర్పున ఉంది. ఇది ట్రివియా వీడియోల్లో తరచూ వచ్చే ప్రశ్న. ఒక వీడియోలో దీనికి తోకగా ఇంకో ముక్క చెప్పారు. 1914లో తెరిచిన ఆ కాలువ రెండు సముద్రాలను ఒకే మట్టంలో కలిపే గాడి కాదు. లాకులనే గేట్లున్న నీటి గదుల్లో నీళ్లు నింపి ఓడను సముద్ర మట్టానికి దాదాపు 26 మీటర్ల ఎత్తులో ఉన్న గాటూన్ సరస్సులోకి ఎక్కిస్తారు, అవతల మళ్లీ దింపుతారు. ఎక్కించడానికీ దింపడానికీ వాడేది ఆ సరస్సులోని మంచినీళ్లే. ఓడ దాటిన ప్రతిసారీ కోట్ల లీటర్ల నీళ్లు సముద్రం పాలవుతాయి. 2023లో అక్కడ వానల్లేక రోజూ దాటే ఓడల సంఖ్య తగ్గించారని వార్త వచ్చింది. రెండు మహాసముద్రాల మధ్య ఉన్న కాలువకి నీటి కరువేమిటని చాలామంది వింతగా అనుకుని ఉంటారు. నాకు వార్త చదవగానే విషయం బోధపడింది. సరస్సు మట్టం, లాకులు, ఆగిపోయిన ఓడలు, సరుకు ఆలస్యం, అన్నీ వరుసగా కళ్ల ముందుకొచ్చాయి. ఆ వార్త తగులుకోవడానికి నా బుర్రలో ఒక చిలక్కొయ్య ముందే ఉంది.

చదివింది అర్థం కావాలంటే ఆ విషయం గురించి ముందే కాస్త తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో 1988లో రెక్ట్, లెస్లీ చూపించారు. బేస్‌బాల్ ఆట గురించిన ఒక పాఠాన్ని బడిపిల్లలకి ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే పాఠాన్ని బాగా అర్థం చేసుకున్నారు. అన్నయ్య చెప్పే మంచి పుస్తకం అర్థం కావడానికి కూడా ఈ ముక్కలు పనికొస్తాయి. కనీసం ఏ పుస్తకం తెరవాలో చెప్తాయి.

ఒక రాత్రి జరిగింది చెప్తాను. వీడియోలో "శుక్రగ్రహం మీద ఏడాది కంటే రోజే పెద్దది. అవునా, కాదా?" అని వచ్చింది. నేను అవునన్నాను. జవాబు కూడా అవుననే చెప్పి వాళ్లు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. పక్కన బట్టలు మడతపెడుతున్న అమ్మ చెయ్యి ఆపి, "అంటే ఒకసారి తెల్లారి పొద్దుగూకేలోపే అక్కడ ఏడాది గడిచిపోతుందా ఏమిటే?" అంది. అవునమ్మా అని నోటిదాకా వచ్చింది గానీ ఎందుకో అనుమానం వచ్చి ఫోన్ పక్కన పెట్టాను.

శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో 243 రోజులు పడుతుంది. సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 225 రోజులు. ఆ లెక్కన వీడియో చెప్పింది సరైనదే. కానీ అమ్మ అడిగిన రోజు వేరు. మనం బతికే రోజు ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయం దాకా ఉండేది. టేబుల్ ల్యాంపు వెలిగించి, పువ్వు బొమ్మ ఉన్న ఒక గ్లాసు తీసుకుని దాని చుట్టూ తిప్పి చూశాం. గ్లాసు తన చుట్టూ తిరిగే దిశా, ల్యాంపు చుట్టూ తిరిగే దిశా ఒకటే అయితే, ఒక పూర్తి చుట్టు అయ్యేసరికి గ్లాసు కాస్త ముందుకు జరిగి ఉంటుంది. పువ్వు మళ్లీ దీపానికి ఎదురుగా రావాలంటే ఇంకొంచెం తిరగాలి. భూమికి అదే జరుగుతుంది. భూమి తన చుట్టూ తిరగడానికి 23 గంటల 56 నిమిషాలే పడుతుంది, మిగతా నాలుగు నిమిషాలూ సూర్యుడికి మళ్లీ ఎదురు రావడానికి. శుక్రుడు మాత్రం ఎదురు దిశలో తిరుగుతాడు. అమ్మ గ్లాసుని అటు తిప్పుతూ ఇటు జరిపింది. చుట్టు సగం పూర్తవుతుండగానే పువ్వు మళ్లీ దీపం వైపు వచ్చేసింది. లెక్క వేస్తే శుక్రుడి మీద సూర్యోదయం నుంచి సూర్యోదయానికి దాదాపు 117 రోజులు. అందులో సగం పగలు, సగం రాత్రి. ఏడాదికి దాదాపు రెండుసార్లు తెల్లారుతుందన్నమాట. అదీ పడమట.

"మరి వాడు అవునన్నాడేం?" అని అమ్మ అడిగింది. రోజు అనే మాటకి ఆయన ఒక లెక్క వేశాడు, నువ్వు ఇంకో లెక్క వేశావు అని చెప్పాను. ఆ వీడియోలో ఉన్నది ఒక్క వాక్యం. అందులోంచి గ్రహాల కదలిక గురించి మాకు తెలిసింది బడి పుస్తకాల్లో చదివినదాని కంటే ఎక్కువ. వాక్యం చాలక కాసేపు ఆగి వెతుక్కోవడమే నాకు ఈ అలవాటులో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఈ వీడియోల వేగం తక్కువ కాబట్టే అలా ఆగడానికి బుద్ధి పుడుతుంది.

వేగం ఎక్కువ ఉన్నవాటిని నేను వెనకేసుకురాను. నిమిషంలో పదిహేను వింతలు, ప్రతిదానికీ ఒక ఢామ్ అనే చప్పుడు, ఊపిరి తీసుకోని గొంతు. చూస్తున్నంతసేపూ ఏదో తెలిసిపోతున్నట్టే ఉంటుంది. చూడటం అయ్యాక ఒక్కటి చెప్పమంటే తడబడతాం. చూడటానికీ చేయడం రావడానికీ మధ్య ఎంత దూరం ఉందో 2018లో కార్డాస్, ఓబ్రయన్ చేసిన ప్రయోగాలు చెప్తాయి. టేబుల్ మీద సామాను పడకుండా కిందున్న గుడ్డను లాగేసే విద్య, మూన్‌వాక్ అనే డాన్సు అడుగు లాంటి వాటి వీడియోలు కొందరికి ఒక్కసారి చూపించారు, కొందరికి మళ్లీ మళ్లీ చూపించారు. ఎక్కువసార్లు చూసినవాళ్లకి తాము కూడా చేసేయగలమన్న నమ్మకం పెరిగింది. చేసి చూపించమంటే పనితనం మాత్రం పెరగలేదు. క్విజ్ వీడియోని కూడా ఊహించకుండా, నోరు మెదపకుండా చూస్తే ఇదే గతి.

నిద్రలో నేర్చుకోవచ్చన్న ఆశ కూడా కొందరికి ఉంది. వీడియో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బుర్రలో ఉంటుందని. 1950లలోనే సైమన్, ఎమన్స్ అనే పరిశోధకులు పడుకున్నవాళ్లకి రాత్రంతా ప్రశ్నలూ జవాబులూ వినిపిస్తూ, మెదడు తరంగాలను కొలిచే ఈఈజీ పెట్టి ఎవరు నిజంగా నిద్రపోయారో చూశారు. మగతలో ఉన్నప్పుడు విన్నవి కొన్ని గుర్తున్నాయి, గాఢనిద్రలో విన్నవి ఏవీ లేవు. ఆ గొంతు వింటూ నిద్రపోవడంలో తప్పేమీ లేదు, నేనూ చాలా రాత్రులు అలాగే పడుకుంటాను. నిద్ర పట్టించడం కూడా ఒక మేలే. అది చదువు లెక్కలోకి రాదంతే. అయితే పడుకునే ముందు మెలకువగా నేర్చుకున్నది నిద్రలో చెదిరిపోకుండా నిలుస్తుందని జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లోనే చూపించారు. ఆ లెక్కన రాత్రిపూట చూడటం మంచిదే.

అన్ని ఛానెళ్లలోనూ తిప్పి తిప్పి అవే ప్రశ్నలు వస్తాయని చాలామంది విసుక్కుంటారు. నాకు అది వరంలా కనిపిస్తుంది. బైకాల్ పది రోజుల క్రితం వచ్చింది, మళ్లీ ఇవాళ వచ్చింది, ఇంకో నెలకి మరోచోట వస్తుంది. మర్చిపోతున్న సమయానికి మళ్లీ గుర్తుచేసుకోవడం కంటే మంచి పద్ధతి జ్ఞాపకానికి లేదు. ఎబింగ్‌హౌస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, అర్థం లేని అక్షరాలు వేలకొద్దీ బట్టీ పట్టి, ఎంత త్వరగా మర్చిపోతామో గీత గీసి చూపించాడు. ఒకే రోజు కూర్చుని రుబ్బడం కంటే రోజుల మీద పంచుకుంటే శ్రమ తగ్గుతుందనీ ఆయనే చెప్పాడు. ట్రివియా వీడియోలు ఎవరూ ప్లాన్ చేయకుండానే ఆ పని చేసిపెడుతున్నాయి.

అదే చోట ప్రమాదం కూడా ఉంది, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. మళ్లీ మళ్లీ విన్నది నిజమనిపించడం మన బుర్ర స్వభావం. హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో 1977లో దీన్ని నిరూపించారు. వారాల తేడాతో కొన్ని వాక్యాలు మళ్లీ వినిపిస్తే, అవి నిజమైనా అబద్ధమైనా, కొత్త వాక్యాల కంటే ఎక్కువ నమ్మదగ్గవిగా తోచాయి. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందన్న మాట ఇలా బతుకుతున్నదే. మనిషి అంతరిక్షంలోకి వెళ్లింది 1961లో. ఆ మాట 1930ల నాటికే అచ్చులో ఉంది. అంటే ఎవరూ వెళ్లి చూడకముందే అది నిజమైపోయింది. కొన్ని మీటర్ల వెడల్పున్న గోడ 3,84,000 కిలోమీటర్ల దూరం నుంచి కనపడటం జరిగే పని కాదు. 2003లో చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లివెయ్ భూకక్ష్యలోంచే తనకు గోడ కనపడలేదని చెప్పాడు. అయినా ఆ ప్రశ్న అదే తప్పు జవాబుతో ఇప్పటికీ కొన్ని వీడియోల్లో వస్తూనే ఉంది.

ఇలా ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టే సంగతికి ఒక మంచి కథ ఉంది. ఫ్రెడ్ వర్త్ అనే అమెరికన్ ట్రివియా పుస్తకాలు రాసేవాడు. ఎవరైనా తన పుస్తకం దించేస్తే పట్టుకోవడానికి అందులో కావాలని ఒక అబద్ధం పెట్టాడు. కొలంబో అనే టీవీ డిటెక్టివ్ మొదటి పేరు ఫిలిప్ అని. కొన్నేళ్లకి ట్రివియల్ పర్స్యూట్ అనే బోర్డు ఆట ఊపేసింది. దాని కార్డుల్లో కొలంబో మొదటి పేరు ఫిలిప్ అనే ఉంది. వర్త్ 1984లో 30 కోట్ల డాలర్లకి దావా వేశాడు. ఆట తయారుచేసినవాళ్లు ఆయన పుస్తకం వాడుకున్నామని దాచుకోలేదు, విషయాలు ఎవరి సొత్తూ కావన్నారు. కోర్టులు వాళ్ల పక్షానే నిలిచాయి. 1987లో అప్పీలులోనూ వర్త్ ఓడిపోయాడు. నాకు తీర్పు కంటే ఇందులో ఇంకోటి ముఖ్యం. ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకుంటూ పోతే వల కోసం పెట్టిన అబద్ధం కూడా లక్షల ఇళ్లలో సరైన జవాబుగా చెలామణీ అవుతుంది. ఒకే జవాబు పది వీడియోల్లో కనిపించిందంటే పది మంది సరిచూశారని అర్థం కాదు. వాళ్లంతా ఒక్కచోటి నుంచే దించి ఉండొచ్చు. అందుకే ఏదైనా నలుగురికీ చెప్పాలనిపించినప్పుడు, ముందు దాన్ని ఒక విజ్ఞాన సర్వస్వంలోనో ఆ రంగంలోని సంస్థల పేజీలోనో ఒక్కసారి చూసుకుంటాను. పెద్ద శ్రమేమీ కాదు.

అందుకని నాకు ఈ వీడియోలు తీసేవాళ్లని అడగాలని ఉంది. ఇది ఫిర్యాదు కాదు, వాళ్ల పని మీద ఇష్టంతో అడుగుతున్నది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీని తగ్గించొద్దు. నిడివి తగ్గించాలంటే రెండు ప్రశ్నలు తీసేయండి గానీ ఆ సెకన్లు తీసేయొద్దు. ఆ కాసేపు టిక్ టిక్ చప్పుడు పెట్టొద్దు, అది బుర్రని వెతకనివ్వదు. జవాబు తర్వాత ఎందుకో ఒక్క వాక్యం చెప్పండి. ఆక్టోపస్‌కి మూడు గుండెలు అని ఊరుకుంటే అది వింత మాత్రమే. రెండు గుండెలు మొప్పల గుండా రక్తాన్ని పంపిస్తాయి, మూడోది ఒంటికి పంపిస్తుంది, దాని రక్తంలో ఇనుము బదులు రాగి ఉండటం వల్ల నీలంగా ఉంటుంది అని ఇంకో పది సెకన్లు చెప్తే, చూసేవాళ్లకి అడగడానికి మరో ప్రశ్న దొరుకుతుంది.

ఇంకొకటి, వీడియో మీద తేదీ వేయండి. ఎక్కువ చందమామలున్న గ్రహం ఏది అంటే 2023 మొదట్లో కొద్ది నెలలు గురుడనేదే సరైన జవాబు. ఆ ఏడాది మే కల్లా శని ముందుకొచ్చేసింది. 2025 మార్చిలో ఒక్కసారే 128 కొత్త చందమామలకు గుర్తింపు వచ్చి శని లెక్క 274కి చేరింది. కజకిస్తాన్ రాజధాని ఆస్తానా 2019లో నూర్‌సుల్తాన్ అయింది, 2022లో మళ్లీ ఆస్తానా అయింది. ఆ మూడేళ్ల మధ్య తీసిన క్విజ్‌లు, తీసిన రోజుకి పూర్తిగా సరైనవే, ఇప్పటికీ తిరుగుతున్నాయి. తెర మూల ఎక్కడో నెల, సంవత్సరం కనిపిస్తే చాలు, మిగతాది చూసేవాళ్లం చూసుకుంటాం.